బయోడీజిల్ సహకార సంఘం: యంత్రం కంటే ముందు చూసుకోవలసినవి



కిందటిసారి ఉపకార వేతనాల పంపిణీ రోజున బి.ఎస్సీ. చదువుతున్న ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "అంకుల్, మా ఊళ్ళో అందరం కలిసి బయోడీజిల్ సంఘం పెట్టాలనుకుంటున్నాం. మిషను ఎంతవుతుంది? బ్యాంకు లోను ఎంత ఇస్తారు?" అని అడిగాడు. "మీ ఊళ్ళో కానుగ చెట్లెన్ని ఉన్నాయి బాబూ?" అని నేను తిరిగి అడిగాను. లెక్కపెట్టలేదన్నాడు. ఆ కుర్రవాడి ఉత్సాహం మెచ్చుకోదగినదే. కాని చెట్ల లెక్క తెలియకుండా మిషను ధర తెలుసుకుంటే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. అందుకే ఈ వ్యాసం.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. 2006లో నేను దక్షిణ ఒడిశాలోని ఒక బ్యాంకు శాఖలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. అప్పట్లో అడవి ఆముదం, అంటే జట్రోఫా, పేరు దేశమంతా మారుమోగుతోంది. ఒక కంపెనీ వారు వచ్చి, మొక్కలు మేమిస్తాం, గింజలు మేమే కొంటాం అని రైతులకు కాగితం రాసిచ్చారు. ఆ కాగితం చూసి మా శాఖ అప్పులిచ్చింది. దరఖాస్తులు నింపిన చేయి నాదే. మూడేళ్ళ తరవాత ఒక రైతు సగం గోనెసంచి గింజలు తెచ్చి నా కౌంటరు ముందు దించాడు. "బాబూ, గింజలు తెచ్చినాను. కొనేవోళ్ళేరి?" అన్నాడు. కంపెనీ వారి ఫోను అప్పటికే పనిచేయడం లేదు. నాలుగైదు బస్తాలు వస్తాయన్న చోట ఆయనకు వచ్చింది ఆ సగం సంచే. అప్పు తీర్చడానికి ఆయన కొడుకు పదో తరగతితో చదువు మాని సూరత్ మగ్గాల పనికి వెళ్ళిపోయాడు.

ఆ అబ్బాయి చదువు ఆగిపోవడంలో నా సంతకం కూడా ఉందని నేటికీ అనుకుంటాను. ఆ రోజు మేమెవరమూ మూడు ప్రశ్నలు వేసుకోలేదు. గింజ ఎంత వస్తుంది? నూనె ఎవరు వాడతారు? లెక్క ఎవరు రాస్తారు? ఈ మూడింటికీ జవాబు దొరికాకే యంత్రం మాట ఎత్తాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే. తక్కినదంతా దానికి వివరణ.

బయోడీజిల్ అంటే ఏమిటి?

ఏ నూనె తీసుకున్నా దాని అణువులో ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ముగ్గురు భాగస్తులు కలిసి నడిపే దుకాణం వంటిదనుకోండి. నూనెను సుమారు 60 డిగ్రీల వేడి చేసి, మిథనాల్‌లో కరిగించిన కాస్టిక్ సోడా కలిపి గంటసేపు తిప్పితే ఆ భాగస్వామ్యం విడిపోతుంది. కొవ్వు ఆమ్లాలు ఒక్కొక్కటీ మిథనాల్‌తో జతకడతాయి. అదే బయోడీజిల్. విడిపోయిన గ్లిజరిన్ బరువైనది కనుక రాత్రంతా ఉంచితే అడుగుకు దిగుతుంది. దానిని తీసివేసి, పైనున్న దానిని నీటితో కడిగి, తడి ఆరబెట్టి వాడుకోవాలి. 100 కిలోల నూనెకు సుమారు 20 కిలోల మిథనాల్ పోస్తారు. అందులో సగమే చర్యలో ఖర్చవుతుంది, మిగతాది తిరిగి పట్టుకునే ఏర్పాటు ఉంటే ఆదా. చేతికి వచ్చే బయోడీజిల్ ఇంచుమించు పోసిన నూనె అంతే ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. గింజలు తడిసినా, ఎక్కువ కాలం నిలవున్నా నూనెలో పులుపు, అంటే విడి ఆమ్లం, పెరుగుతుంది. అది రెండు శాతం దాటితే కాస్టిక్ సోడా కలపగానే డీజిల్‌కు బదులు సబ్బు తయారవుతుంది. కానుగ నూనెలో ఈ పులుపు సహజంగానే ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడు ముందుగా ఆమ్లంతో ఒక దశ శుద్ధి చేయాలి. కాబట్టి గింజ ఎండబెట్టడంలోనే సగం పని ఉంది.

మన చుట్టుపక్కల జరిగిన ప్రయత్నాలు

మన ప్రాంతాల దగ్గరలోనే మూడు ఉదాహరణలు ఉన్నాయి.

మొదటిది ఒడిశాలో. బరంపురం దగ్గర మొహుడాలో ఉన్న గ్రామ్ వికాస్ సంస్థ, కెనడాకు చెందిన సి.టి.ఎక్స్. గ్రీన్ అనే సంస్థతో కలిసి 2004 నుంచి గజపతి జిల్లాలోని కించిలింగి అనే చిన్న ఆదివాసీ గ్రామంలో బయోడీజిల్ తయారుచేయించింది. సైకిలులా తొక్కే యంత్రాలతోనే నూనె తీయడం, కలపడం జరిగేది. కానుగ, ఇప్ప, వలిసెల గింజలు వాడారు. వచ్చిన ఇంధనాన్ని అమ్మలేదు. ఊరికి తాగునీరు తోడే పంపుసెట్టుకే పోశారు. ఎంత నీరు కావాలో తెలుసు, దానికి ఎంత ఇంధనం కావాలో తెలుసు, దానికి తగినంతే చేసుకున్నారు.

రెండవది అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ. అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలు ఇక్రిశాట్ సహకారంతో 2002లో 4,500 కానుగ మొక్కలు నాటాయి, నూనె మిల్లు నడిపాయి. పదేళ్ళలో ఆ నూనె వాడకం వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు లెక్కకట్టి 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కాని చెట్టుకూ, గింజకూ, నూనెకూ లెక్క ఉండబట్టే ఆ డబ్బు వచ్చిందని గమనించండి.

మూడవది కర్ణాటకలో. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2007లో హాసన్ జిల్లా మదెనూరులో జీవ ఇంధన పార్కు నెలకొల్పింది. పంట భూమిని ముట్టుకోకుండా పొలం గట్ల మీద, ఖాళీ జాగాల్లో కానుగ, వేప, ఇప్ప వంటి రకరకాల చెట్లు పెంచడం వారి పద్ధతి. ఒక చెట్టు కాపు తప్పినా మరొకటి ఆదుకుంటుంది.

ఈ మూడింటికీ ఎదురుగా దేశవ్యాప్త పథకాన్ని పెట్టి చూడండి. ప్రణాళికా సంఘం కమిటీ 2003లో లక్షల హెక్టార్లలో జట్రోఫా నాటమని సూచించింది. 2009 నాటి జాతీయ విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ సంవత్సరం వచ్చేసరికి వాస్తవంలో ఒక శాతం కూడా కలవలేదు. నీరు, ఎరువు లేని నేలలో జట్రోఫా మొక్క బతుకుతుంది గాని కాపు ఇవ్వదని రైతులకు అనుభవం మీద తెలిసింది. 2018లో వచ్చిన కొత్త విధానం 2030 నాటికి 5 శాతం చాలునని లక్ష్యాన్ని తగ్గించుకుంది.

మొదటి మెట్టు: చెట్ల లెక్క

కానుగను ఒడియా, మరాఠీలలో కరంజ అంటారు. కన్నడంలో హొంగె, తమిళంలో పుంగై. పేరు ఏదైనా మన ఊళ్ళన్నిటిలో రోడ్డు పక్కన, చెరువు గట్టున కనిపించే చెట్టే. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 10 నుంచి 50 కిలోల వరకు గింజ ఇస్తుంది. జాగ్రత్త కోసం 20 కిలోలే వేసుకోండి. ఎక్స్‌పెల్లర్‌లో లీటరు నూనెకు సుమారు 4 కిలోల గింజ కావాలి.

నెలకు 100 లీటర్లు, అంటే ఏడాదికి 1,200 లీటర్లు చేయాలనుకుంటే 4,800 కిలోల గింజ కావాలి. అంటే కాపు మీదున్న 240 చెట్లు. కొత్తగా నాటిన మొక్కలు ఈ లెక్కలోకి రావు, అవి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. రోడ్ల పక్క చెట్ల ఫలసాయం పంచాయతీదో, అటవీ శాఖదో అయివుంటుంది. వారి అనుమతి కాగితం ముందే తీసుకోవాలి.

పట్టణాల్లో ఉన్నవారికి వాడిన వంటనూనె మరో దారి. మనవాళ్ళలో టిఫిన్ హోటళ్ళు, మిఠాయి దుకాణాలు నడిపేవారు చాలామంది ఉన్నారు. పదేపదే కాగిన నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే వంటకు వాడరాదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. అలాంటి నూనెను బయోడీజిల్‌కు మళ్ళించడానికి ఆహార భద్రతా సంస్థ అదే ఏడాది 'రుకో' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అయితే గుర్తింపు పొందిన సేకరణదారులే ఆ నూనె తీసుకోవాలి. కనుక పట్టణ సంఘాలు మొదట అలాంటి వారికి నూనె కూడబెట్టి ఇచ్చే పనితో ఆరంభించడం మేలు.

రెండవ మెట్టు: వాడేది ఎవరు?

వాహనాలకు బయోడీజిల్ అమ్మాలంటే ఐ.ఎస్. 15607 ప్రమాణం, 2019లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అనుమతులు, పరీక్షలు కావాలి. ఊరి సంఘానికి అది తలకు మించిన భారం. సభ్యుల సొంత పంపుసెట్లు, పిండిమర, జనరేటరు వంటివి ఎన్ని ఉన్నాయో, నెలకు ఎంత డీజిల్ తాగుతున్నాయో పేరుపేరునా రాయండి. ఆ మొత్తాన్ని మించి తయారుచేయకండి.

సాధారణ డీజిల్‌లో 20 శాతం వరకు కలిపితే పాత పంపుసెట్టు ఇంజన్లకు మార్పులు అవసరం ఉండదు. పూర్తిగా బయోడీజిలే పోస్తే రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి. మొదట్లో ట్యాంకులోని పాత మడ్డిని కడిగేస్తుంది కనుక ఫిల్టరు తరచు మూసుకుపోతుంది. ఇప్ప నూనెతో చేసినది చలికి త్వరగా చిక్కబడుతుంది. కొండ ప్రాంతాలవారు గమనించాలి.

మూడవ మెట్టు: సంఘం నమోదు

సహకారం అంటే ఒక మనిషికి ఒక ఓటు. లక్ష రూపాయలు పెట్టినవారికీ వెయ్యి పెట్టినవారికీ ఓటు ఒక్కటే. సహకార సంఘం పెట్టుకోవడం 2012 నుంచి రాజ్యాంగంలోని 19వ అధికరణం కింద ప్రాథమిక హక్కు.

ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. ఒడిశాలో 1962, మహారాష్ట్రలో 1960, తమిళనాడులో 1983 నాటి సహకార సంఘాల చట్టాలున్నాయి. కర్ణాటకలో 1959 చట్టంతో పాటు ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండే 1997 సౌహార్ద చట్టం కూడా ఉంది. యానాం వారికి పుదుచ్చేరి చట్టం, 1972. రెండు రాష్ట్రాల వారు కలిసి పెట్టాలంటే 2002 నాటి బహుళ రాష్ట్ర చట్టం కింద ఒక్కో రాష్ట్రం నుంచి కనీసం 50 మంది ఉండాలి. ఇవేవీ కుదరకపోతే పదిమంది ఉత్పత్తిదారులు కలిసి కంపెనీల చట్టం కింద ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. గింజలు ఏరేవారు కూడా ఉత్పత్తిదారులే.

ఉపనిబంధనలు ఎక్కడో దొరికినవి నకలు రాయకండి. గింజ కొనే ధర ఎవరు నిర్ణయిస్తారు, ఇంధనం ఎవరికి ముందు ఇస్తారు, సభ్యుడు మానుకుంటే వాటా ఎప్పుడు తిరిగి ఇస్తారు అనే మూడు సంగతులు మీ మాటల్లో స్పష్టంగా రాసుకోండి. సంఘాలలో తగవులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. గింజలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళు, భూమి లేనివాళ్ళు. పాలకవర్గంలో వారు లేకపోతే ధర నిర్ణయించేది పంపుసెట్లు ఉన్నవారే అవుతారు.

నాలుగవ మెట్టు: డబ్బు లెక్క

ఇక నాకు తెలిసిన పనికి వస్తాను. కింది ధరలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్ళీ వేసుకోండి.

ఒక లీటరుకు:
4 కిలోల గింజ, కిలో రూ.25 చొప్పున – రూ.100
నూనె తీయడానికి – రూ.12
మిథనాల్, కాస్టిక్ సోడా – రూ.16
కూలి, ఇతర ఖర్చులు, యంత్రం తరుగుదల – రూ.14
మొత్తం – రూ.142
తగ్గించవలసినది: 3 కిలోల కానుగ చెక్క అమ్మకం, కిలో రూ.16 చొప్పున – రూ.48
నికరంగా లీటరుకు – రూ.94

బంకులో డీజిల్ లీటరు 90 రూపాయలకు అటూ ఇటూగా ఉందనుకోండి. అంటే ఇంధనం మీద లాభం లేదు. చెక్క కిలో పది రూపాయలకే పోతే మన లీటరు ఖర్చు 112 అవుతుంది. చెక్క మంచి ఎరువు, చీడపీడల్ని తగ్గిస్తుంది. దానిని సభ్యుల పొలాలకే వేయించడం సంఘం బతకడానికి ఆయువుపట్టు. "లాభం లేనప్పుడు ఎందుకు?" అని అడగవచ్చు. 142 రూపాయల్లో 100 గింజ ఏరినవారి ఇంటికి వెళుతున్నాయి. బంకులో కొన్న డీజిల్ డబ్బు ఊరు దాటి పోతుంది. తేడా అదే. దీనిని మించిన లాభం చూపించి ఎవరైనా వాటాలు అమ్మజూపితే దూరంగా ఉండండి.

మరో సంగతి. కానుగ గింజ వేసవి ముందరి రెండు మూడు నెలల్లోనే చేతికొస్తుంది. ఏడాదికి సరిపడా 4,800 కిలోలు అప్పుడే కొనాలంటే రూ.1,20,000 చేతిలో ఉండాలి. వందమంది సభ్యులు తలా వెయ్యి వేసినా వచ్చేది లక్షే. వాటా ధనమంతా యంత్రానికి పెట్టి, గింజ కొనే వేళకు చేతులు ముడుచుకునే సంఘం మొదటి ఏడాదే మూతపడుతుంది. బ్యాంకుకు వెళ్ళినప్పుడు యంత్రానికి అప్పు, గింజల కొనుగోలుకు నిర్వహణ పెట్టుబడి అని రెండు పద్దులు వేరువేరుగా అడగండి.

కాబట్టి నా సలహా ఇది. మొదటి ఏడాది గింజ కొని, ఎండబెట్టి, నూనె, చెక్క మాత్రమే అమ్మండి. కానుగ నూనెను సబ్బుల తయారీకి, తోళ్ళ పనికి కొంటారు. నూనె తీయడం దగ్గరలోని మిల్లులో కూలికి ఇచ్చి చేయించుకోవచ్చు. ఆ ఏడాది లెక్కలు నిలబడితే రెండో ఏడాది బయోడీజిల్ మాట ఎత్తండి.

పుస్తకాలు ఎలా రాయాలి?

సభ్యుల రిజిస్టరు, నగదు పుస్తకం, గింజల నిలవ పుస్తకం, ఇంధనం పంపిణీ పుస్తకం. ఈ నాలుగూ చాలు. గింజ తూచినవారే డబ్బు ఇవ్వకూడదు, డబ్బు ఇచ్చినవారే పుస్తకం రాయకూడదు. ముగ్గురు మనుషులు, మూడు పనులు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు.

ఎండు తరుగు మరవకండి. వంద కిలోలు కొన్న గింజ నెల తరవాత తూస్తే తగ్గే ఉంటుంది. ఈ సంగతి ముందుగా పుస్తకంలో రాసుకోకపోతే గోదాము కాపలావాడి మీద దొంగతనం మోపుతారు. 1946లో ఖేడా పాల రైతుల సంఘం మొదలైన నాటి నుంచి ఆ రకం సంఘాలు నిలబడటానికి పెద్ద కారణం, పాలు పోసినవారి కళ్ళెదుటే కొలిచి చీటీ ఇవ్వడం. మనకూ అదే మార్గం. కాటా అందరికీ కనిపించేలా పెట్టండి. ఎండినది, పచ్చిది వేరు ధర అని గోడ మీద రాయండి.

జాగ్రత్త!

విద్యార్థులు ఈ భాగం రెండుసార్లు చదవాలి. మిథనాల్ విషం. చూడటానికి నీళ్ళలా ఉంటుంది. కొద్దిగా కడుపులోకి వెళ్ళినా చూపు పోతుంది, ప్రాణం పోతుంది. దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. కాస్టిక్ సోడా చర్మాన్ని, కళ్ళను కాలుస్తుంది. ఇంట్లో, వంటగదిలో, హాస్టల్ గదిలో సీసాలతో ప్రయోగాలు చేయవద్దు. కాలేజీ ప్రయోగశాలలో అధ్యాపకుల సమక్షంలోనే చేయండి. సంఘం మిథనాల్ కొని నిలవ చేయాలంటే ప్రభుత్వ అనుమతులు తప్పనిసరి. ఆ షెడ్డు ఇళ్ళకు దూరంగా, గాలి ఆడేలా ఉండాలి, తాళం ఉండాలి. నీళ్ళ సీసాల్లో మిథనాల్ పోసి ఉంచడం ఎన్నడూ చేయకండి.

మీరు చేయగల పని

రసాయన శాస్త్రం చదివేవారు నూనె పులుపు పరీక్ష నేర్చుకోండి. కామర్సు వారు పై నాలుగు పుస్తకాలూ రాయడం నేర్చుకోండి. ఐ.టి.ఐ., డిప్లొమా పిల్లలు ఇంజను ఫిల్టరు విప్పి బిగించడం నేర్చుకోండి. ఒక ఊరి సంఘం నడవడానికి ఈ మూడు విద్యలు చాలు. ఇంతకు మించి పై ఊళ్ళ నుంచి నిపుణులు అక్కరలేదు.

ఈ సెలవుల్లో ఒక్క పని చేయండి. ఒక నోటు పుస్తకం తీసుకుని మీ ఊళ్ళో కానుగ, ఇప్ప, వేప చెట్లు లెక్కపెట్టండి. చెట్టు ఎవరిది, కాపు ఉందా, గింజ ఇప్పుడు ఎవరు ఏరుతున్నారు, ఎంతకు అమ్ముతున్నారు అని రాయండి. రెండో పేజీలో డీజిల్ ఇంజన్లు ఉన్నవారి పేర్లు, నెల వాడకం రాయండి. తెలుగు చదవడం రాని పిల్లలకు పెద్దలు ఈ వ్యాసం చదివి వినిపించండి. లెక్క ఏ భాషలో రాసినా సరే.

ఆ రెండు పేజీలూ కలిపి చూసినప్పుడు చాలా ఊళ్ళలో "మనకు బయోడీజిల్ కుదరదు" అనే జవాబు రావచ్చు. దానికి చిన్నబుచ్చుకోనక్కరలేదు. సెలవుల్లో, ఒక నోటు పుస్తకం ఖర్చుతో ఆ జవాబు తెలుసుకోవడం ఎంతో మేలు. నా కౌంటరు ముందు సంచి దించిన రైతుకు అదే జవాబు మూడేళ్ళ తరవాత, కొడుకు చదువు పోయాక తెలిసింది. కుదురుతుందని తేలిన ఊరి పిల్లలు ఆ పుస్తకం పట్టుకుని రండి. కూర్చుని లెక్క వేద్దాం.

మీ అందరి చదువులూ చక్కగా సాగాలని ఆశీర్వదిస్తూ,

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, బరంపురం